బో జాక్సన్‌ది అడవి గాచిన వెన్నెల కాదు

బేస్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్ రెండూ వృత్తిగా ఆడిన బో జాక్సన్ పేరు ఎత్తితే చాలు, మా ఆఫీసులో యాభై దాటిన అమెరికన్లందరి ముఖాల్లో ఒకే రకం విచారం కనిపిస్తుంది. దగ్గరి బంధువెవరో చిన్న వయసులో పోయిన సంగతి గుర్తొచ్చినట్లు తల అడ్డంగా ఊపి, "ఆ తుంటికి దెబ్బే తగలకపోయి ఉంటే" అని మొదలుపెడతారు. అక్కడి నుంచి ఎన్ని హోమ్ రన్‌లు కొట్టేవాడో, ఎన్ని వేల గజాలు పరిగెత్తేవాడో లెక్కలు కట్టి, చివరికి అంత ప్రతిభా మట్టిపాలయిందని నిట్టూరుస్తారు. మన మాటల్లో చెప్పాలంటే వాళ్ళ దృష్టిలో బో జాక్సన్‌ది అడవి గాచిన వెన్నెల. ఇరవై ఏళ్ళుగా న్యూజెర్సీలో ఉంటూ, మొదటి పదేళ్ళు క్రికెట్ కళ్ళతోనూ, ఆ తరువాత కాస్త తెలివిడి వచ్చిన కళ్ళతోనూ ఈ రెండు ఆటలనూ చూస్తూ వచ్చిన నాకు, ఆ నిట్టూర్పు తప్పుడు చిరునామాకు చేరుతోందని అనిపిస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్ చరిత్రలో నిజంగా జాలిపడవలసిన మహా ఆటగాళ్ళు ఉన్నారు. వాళ్ళలో బో జాక్సన్ లేడు. తన ఒంటితో ఏ ఆట ఆడాలో, ఎవరి తరఫున ఆడాలో, ఎప్పుడు మానాలో తానే తేల్చుకోగలిగిన అతి కొద్దిమందిలో అతను ఒకడు. ఆ వీలు అతనికి ఎలా వచ్చిందో తెలియాలంటే అతనికంటే ముందు ఆడినవాళ్ళ కథలు కూడా తెలియాలి.

ముందుగా, ఆ నిట్టూర్పుకు అసలు కారణమేమిటో చెబుతాను. సియాటిల్ నగరంలో కింగ్‌డోమ్ అనే స్టేడియం ఉండేది. కాంక్రీటు కప్పు వేసిన ఆ పెద్ద గుమ్మటాన్ని 2000 మార్చిలో మందుగుండు పెట్టి కూల్చేశారు. ఒకే మనిషి రెండు వేర్వేరు ఆటల్లో చేసిన రెండు అద్భుతాలు ఆ ఒక్క కప్పు కిందే జరిగాయి.

మొదటిది 1987 నవంబర్ 30, సోమవారం రాత్రి. ఆ రోజు బో జాక్సన్‌కు సరిగ్గా ఇరవై అయిదేళ్ళు నిండాయి. లాస్ ఏంజెలెస్ రైడర్స్ తరఫున సియాటిల్ సీహాక్స్ మీద ఆడుతూ, బంతిని చంకలో ఇరికించుకుని ఎడమ గీత వెంబడి 91 గజాలు పరిగెత్తాడు. ఫుట్‌బాల్ మైదానం పొడవే నూరు గజాలు. వెనక తరుముతున్నవాళ్ళు పగ్గం తెగిన కోడెను పట్టుకోబోయి వదిలేసినవాళ్ళలా ఒక్కొక్కరే వెనకబడిపోయారు. గోల్ గీత దాటిన తరువాత కూడా అతను ఆగలేదు. అదే ఊపులో మైదానం చివరనున్న సొరంగంలోకి దూసుకుపోయి కెమెరాలకు కనిపించకుండా పోయాడు. అదే ఆటలో, గోల్ గీత దగ్గర అడ్డం వచ్చిన బ్రయన్ బాస్‌వర్త్ అనే పేరుమోసిన లైన్‌బ్యాకర్‌ను, అంటే బంతితో వచ్చేవాణ్ణి అడ్డుకునే ఆటగాణ్ణి, గుండెతో నెట్టుకుంటూ వెళ్ళి టచ్‌డౌన్ చేశాడు. రాత్రి ముగిసేసరికి 18 పరుగుల్లో 221 గజాలు సాధించాడు. వృత్తి ఫుట్‌బాల్‌లోకి వచ్చి అప్పటికి అతనికి నెల మాత్రమే అయింది.

రెండోది 1989 జూన్ 5. ఈసారి కాన్సస్ సిటీ రాయల్స్ తరఫున బేస్‌బాల్. స్కోరు సమంగా ఉండగా పదో ఇన్నింగ్స్‌లో సియాటిల్ జట్టువాడు హెరాల్డ్ రెనాల్డ్స్ మొదటి బేస్ నుంచి బంతి పడకముందే పరుగందుకున్నాడు. కొట్టిన బంతి లెఫ్ట్ ఫీల్డ్ మూల గోడ దాకా పోయింది. రెనాల్డ్స్ వేగవంతుడు, పైగా ముందే బయలుదేరాడు. అతను పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ చేరడం, ఆట ముగియడం ఖాయమనే అందరూ అనుకున్నారు. గోడ దగ్గర బంతి అందుకున్న బో, రెండడుగులు వేసి ఊపు తెచ్చుకోకుండా, నిలుచున్న కాళ్ళ మీదనే ఒళ్ళు తిప్పి విసిరాడు. క్రికెట్ తెలిసినవారు ఇలా ఊహించుకోవచ్చు: బౌండరీ తాడు దగ్గర నిలబడి విసిరిన బంతి మూడు వందల అడుగులకు పైగా గాలిలోనే ప్రయాణించి, మధ్యలో ఒక్కసారి కూడా నేలను తాకకుండా, కీపర్ చేతి తొడుగులో పరుగెత్తేవాడి కంటే ముందే పడింది. రెనాల్డ్స్ అవుటయ్యాడు. ఆ సంగతి అతనే తరువాత ఏళ్ళ తరబడి టీవీలో చెప్పుకుని నవ్వుకున్నాడు. ఆ విసురు వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ బంతి ఎక్కడో ఒకచోట నేలకు తగులుతుందనే అనిపిస్తుంది.

అదే 1989లో, బేస్‌బాల్ మేటి ఆటగాళ్ళు తలపడే ఆల్‌స్టార్ ఆటలో, అమెరికన్ లీగ్ తరఫున మొదటి బ్యాటర్‌గా దిగి 448 అడుగుల హోమ్ రన్ కొట్టి, ఆ ఆటకు అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. 1990 సీజన్‌లో, ఫుట్‌బాల్‌లో అలాంటిదే అయిన ప్రో బౌల్‌కు కూడా ఎంపికవడంతో, రెండు ఆటల్లోనూ ఆల్‌స్టార్ అనిపించుకున్న మొదటివాడయ్యాడు. 1991 జనవరి 13న సిన్సినాటి బెంగాల్స్‌తో జరిగిన ప్లేఆఫ్ ఆటలో 34 గజాలు పరిగెత్తాక వెనకనుంచి ఒకడు కాళ్ళు పట్టుకుని పడేశాడు. చూడటానికి మామూలు పడటమే. కానీ ముందుకు లాగుతున్న కాలి బలానికీ, వెనక్కి లాగుతున్న మనిషి బరువుకూ మధ్య ఎడమ తుంటి కీలు తప్పింది. తొడ ఎముక తలకు రక్తం అందక ఎముక చచ్చుబడటం మొదలైంది. అతని ఫుట్‌బాల్ అక్కడితో సరి. మొత్తం మీద నాలుగు సీజన్లలో 38 ఆటలు, 2,782 గజాలు. బేస్‌బాల్‌లో 141 హోమ్ రన్‌లు, .250 బ్యాటింగ్ సగటు. ఈ అంకెలు చూసి రెండు ఆటల హాల్ ఆఫ్ ఫేమ్‌లూ తలుపు తీయలేదు. నిట్టూర్పు పుట్టింది ఇక్కడే.

ఇక నా అభ్యంతరం. ఈ కథ చెప్పేవాళ్ళందరూ 1991 జనవరి దగ్గర ఆగిపోతారు గానీ, నా లెక్కలో ఈ జీవితానికి కీలకమైన ఏడాది 1986. బో అసలు పేరు విన్సెంట్ ఎడ్వర్డ్ జాక్సన్. అలబామాలోని బెస్సమర్‌లో పదిమంది పిల్లలున్న పేద ఇంట్లో ఎనిమిదోవాడుగా పుట్టాడు. అడవి పందిలాంటి మొండివాడని ఇంట్లో పెట్టిన ముద్దుపేరే కురచబడి బో అయింది. 1982లో హైస్కూలు ముగియగానే న్యూయార్క్ యాంకీస్ జట్టు బేస్‌బాల్‌కు పిలిస్తే, కాలేజీలో చదువుతానని తల్లికి ఇచ్చిన మాట కోసం కాదని, ఆబర్న్ యూనివర్సిటీలో చేరాడు. అక్కడ 1985లో కాలేజీ ఫుట్‌బాల్‌కు అత్యున్నతమైన హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. వృత్తి ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్త ఆటగాళ్ళను జట్లకు పంచే 1986 డ్రాఫ్టులో తనను మొదటి ఎంపికగా తీసుకోవాలని చూస్తున్న టాంపా బే బకనీర్స్ యజమాని విమానంలో వైద్య పరీక్షకు వెళ్ళొచ్చాడు. ఆ ప్రయాణానికి కాలేజీ క్రీడల నిబంధనలు అడ్డురావని జట్టువాళ్ళు తనకు చెప్పారని బో అంటాడు. నిబంధనలు అడ్డొచ్చాయి. ఒకే ఒక్క విమాన ప్రయాణం వల్ల, కాలేజీలో అతని చివరి బేస్‌బాల్ సీజన్ మధ్యలోనే ముగిసిపోయింది. నన్ను డ్రాఫ్ట్ చేస్తే మీ ఎంపిక వృథా, నేను సంతకం పెట్టను అని అతను వాళ్ళకు ముందే చెప్పాడు. వాళ్ళు నమ్మలేదు. మొదటి ఎంపిక చేసి, అయిదేళ్ళకు 76 లక్షల డాలర్లు చూపించారు. ఇరవై మూడేళ్ళ పేదింటి కుర్రవాడు ఆ డబ్బును కాదని, అందులో ఏడో వంతు కూడా లేని మొత్తానికి కాన్సస్ సిటీ రాయల్స్‌తో బేస్‌బాల్ ఒప్పందం చేసుకున్నాడు.

ఏడాది గడిచేసరికి టాంపా బే హక్కు చెల్లిపోయింది. 1987 డ్రాఫ్టులో, ఇతను ఇక రాడులే అని అందరూ వదిలేసిన చోట, ఏడో రౌండులో 183వ ఎంపికగా రైడర్స్ జట్టు అతన్ని తీసుకుంది. బేస్‌బాల్ సీజన్ ముగిశాకే వస్తానన్న షరతుకు దాని యజమాని ఆల్ డేవిస్ ఒప్పుకున్నాడు. ఫుట్‌బాల్ తనకు కాలక్షేపమని బో అంటే పత్రికలు పొగరన్నాయి. నాకది పొగరనిపించదు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఏటా తన డ్రాఫ్టులో కుర్రవాళ్ళను జట్లకు పంచిపెడుతుంది; పంచబడినవాడు ఆ జట్టుకే ఆడాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. వేరే వృత్తి చేతిలో ఉన్నవాడికి తప్ప మరెవరికీ కాదనే దమ్ము ఉండదు. బో చేతిలో బేస్‌బాల్ ఉంది.

అదే రెండు ఆటలూ చేతిలో ఉండి, వాటిలో దేని మీదా తనకంటూ ఏ హక్కూ దక్కనివాడి కథ కూడా ఉంది. పెన్సిల్వేనియాలో లీహై నది ఒడ్డున ఒక చిన్న ఊరు ఉంది. అక్టోబరులో ఆకుల రంగులు చూపించడానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలనూ అత్తమామలనూ కార్లో ఎక్కించుకుని, పులిహోర డబ్బాలు సర్దుకుని న్యూజెర్సీ తెలుగువాళ్ళు చాలామంది వెళ్ళే చోటే అది. మేమూ అలాగే వెళ్ళాం. కొండల నడుమ తిరిగే పాతకాలపు రైలు ఎక్కాం, పార్కింగ్ కోసం ముప్పావు గంట తిరిగాం. ఊరి పేరు జిమ్ థార్ప్. అది మనిషి పేరని, ఆ మనిషి సమాధి ఊరి అవతలి పక్కన రోడ్డు వారగా ఉందని తిరుగు ప్రయాణంలో గానీ నాకు తెలియలేదు. ఎర్రని గ్రానైట్ సమాధి, దాని మీద చెక్కిన ఆటల బొమ్మలు, పక్కన విగ్రహాలు ఉన్నాయి. జనం మాత్రం మేం తప్ప ఎవరూ లేరు. బతికుండగా ఆ ఊరితో థార్ప్‌కు ఏ సంబంధమూ లేదు. సమాధి కింద అతని సొంత గడ్డ ఓక్లహోమా మట్టినీ, స్టాక్‌హోమ్ ఒలింపిక్ మైదానపు మట్టినీ తెచ్చి పోశారు. మనిషిని సొంత ఊరికి పంపే బదులు, సొంత ఊరి మట్టినే మనిషి దగ్గరికి తెప్పించిన ఏర్పాటు చూసి మా మామయ్యగారు, "ఇదెక్కడి చోద్యం?" అన్నారు.

థార్ప్ సాక్ అండ్ ఫాక్స్ తెగకు చెందిన అమెరికా ఆదివాసి. 1880ల చివర ఇప్పటి ఓక్లహోమాలో పుట్టాడు. తెగ భాషలో అతని పేరు వా-థో-హక్, వెలుగు పరుచుకున్న దారి అని అర్థం. పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూలుకు చదువుకు పంపారు. ఆదివాసీ పిల్లల జుట్టు కత్తిరించి, తల్లి భాష మాన్పించి, వాళ్ళలోని ఆదివాసిని తుడిచిపెట్టడమే లక్ష్యంగా పెట్టుకున్న బడి అది. ఆ బడి ఫుట్‌బాల్ జట్టే 1911లో హార్వర్డ్‌ను 18-15 తేడాతో ఓడించింది; 1912లో సైనిక అకాడమీ జట్టును 27-6తో చిత్తు చేసింది. ఆ సైనిక జట్టులో, తరువాతి కాలంలో దేశాధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ కూడా ఆడాడు. రెండు ఆటల్లోనూ కార్లైల్ బలం థార్పే. ఆ రెండింటి మధ్య, 1912 వేసవిలో, స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ బంగారు పతకాలు గెలిచాడు. డెకాథ్లాన్‌లో 8,412 పాయింట్లు, రెండోవాడి కంటే దాదాపు ఏడు వందలు ఎక్కువ. అప్పటి ఫోటో ఒకటి ఇప్పటికీ దొరుకుతుంది: రెండు కాళ్ళకూ జత కుదరని రెండు బూట్లు, మేజోళ్ళు కూడా వేర్వేరు. ప్రపంచంలోకెల్లా గొప్ప క్రీడాకారుడి కాళ్ళవి.

ఆరు నెలల తరువాత, 1913 జనవరిలో, మాసచూసెట్స్‌లోని ఒక పత్రిక థార్ప్ 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినాలో డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడని రాసింది. నిజమే, ఆడాడు, పొట్ట గడవడానికి సరిపడేంత కూలి తీసుకున్నాడు. ఆ రోజుల్లో వేసవి సెలవుల్లో ఇలా ఆడే కాలేజీ కుర్రవాళ్ళు ఎంతోమంది ఉండేవారు, కాకపోతే వాళ్ళు దొంగపేర్లు పెట్టుకునేవారు. థార్ప్ సొంత పేరుతో ఆడాడు, దొరికిపోయాడు. ఒలింపిక్స్ ముగిసిన ముప్ఫై రోజుల లోపే అభ్యంతరాలు చెప్పాలన్న నిబంధన ఉండి కూడా, ఆరు నెలలకు వచ్చిన ఈ అభ్యంతరాన్ని విన్నారు, పతకాలు లాక్కున్నారు. శిక్షకుడు పాప్ వార్నర్ తనకేమీ తెలియదన్నాడు. రెండు వేసవులు తన మేటి ఆటగాడు ఎక్కడున్నాడో శిక్షకుడికి తెలియదంటే నాకైతే నమ్మబుద్ధి కాదు. డబ్బు ముట్టకుండా ఆడినవాడే మచ్చలేని క్రీడాకారుడన్న ఆ నియమం తిండికి లోటులేనివాళ్ళు రాసుకున్నది. డబ్బు ముట్టకుండా ఉండటం వాళ్ళకు సులువు.

ఆ తరువాత న్యూయార్క్ జెయింట్స్ బేస్‌బాల్ జట్టు అతన్ని తీసుకుంది, ఎక్కువగా బెంచీ మీదనే కూర్చోబెట్టింది. పేరు చూసి జనం వస్తారన్న ఆశే ఆ ఎంపికకు కారణమని అతని గణాంకాలే చెబుతాయి: ఆరు సీజన్లలో 289 ఆటలు మాత్రమే. అయినా బేస్‌బాల్ చరిత్రలో ఒక విచిత్రమైన పుటలో అతని పేరుంది. 1917 మే 2న షికాగోలో సిన్సినాటి, షికాగో జట్ల పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్ళు, ఫ్రెడ్ టోనీ, హిపో వాన్ ఇద్దరూ తొమ్మిది ఇన్నింగ్స్ పాటు ఎదుటివాళ్ళకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. పదో ఇన్నింగ్స్‌లో ఆ ప్రతిష్టంభనను ఛేదించి గెలుపు పరుగు రప్పించిన బలహీనమైన దెబ్బ, సిన్సినాటి తరఫున ఆడుతున్న జిమ్ థార్ప్‌దే. ఫుట్‌బాల్‌లో మాత్రం అతను రాజే. 1915 నుంచి ఒహైయోలోని కాంటన్ బుల్‌డాగ్స్‌కు ఆడాడు. 1920లో అదే కాంటన్‌లో ఒక కార్ల షోరూములో కూర్చుని జట్ల యజమానులు పెట్టుకున్న సంఘమే తరువాత ఎన్‌ఎఫ్‌ఎల్ అయింది. దానికి మొదటి అధ్యక్షుడిగా థార్ప్‌నే ఎన్నుకున్నారు. అక్కడా కావలసింది అతని పేరే. అతని వంటి ఆదివాసులందరికీ అమెరికా పౌరసత్వం ఇచ్చే చట్టం మరో నాలుగేళ్ళకు, 1924లో గానీ రాలేదు.

ఆట ముగిశాక థార్ప్ గుంతలు తవ్వాడు, సినిమాల్లో గుంపులో ఒకడిగా నిలబడ్డాడు, కాపలా ఉద్యోగాలు చేశాడు. 1950లో పత్రికా రచయితలు ఆ అర్ధ శతాబ్దపు అత్యుత్తమ క్రీడాకారుడిగా ఎన్నుకున్నారు. ఆ మరుసటి ఏడాది పెదవి క్యాన్సర్‌కు ఫిలడెల్ఫియాలోని ఒక ఆసుపత్రిలో ధర్మ వైద్యం చేయించుకోవలసి వచ్చింది. 1953 మార్చిలో పోయాడు. ఓక్లహోమాలో తెగ ఆచారం ప్రకారం అంత్యక్రియలు జరుగుతుండగా మూడో భార్య వచ్చి శవాన్ని తీసుకుపోయింది. బొగ్గు గనులు మూతపడి దిక్కుతోచక ఉన్న మాక్ చంక్, ఈస్ట్ మాక్ చంక్ అనే రెండు ఊళ్ళు ఆమెతో బేరం కుదుర్చుకుని, 1954లో కలిసిపోయి, శవం ఇచ్చినందుకు బదులుగా అతని పేరు పెట్టుకున్నాయి. తండ్రిని సొంత గడ్డకు చేర్చాలని కొడుకులు వేసిన దావా కింది కోర్టులో గెలిచి, 2014లో పై కోర్టులో ఓడిపోయింది. 2015లో సుప్రీం కోర్టు వినడానికి నిరాకరించింది. 1983లో ఒలింపిక్ సంఘం పతకాల నకళ్ళు చేయించి పిల్లలకిచ్చి, రికార్డులో అతన్ని ఉమ్మడి విజేతగా మాత్రం రాసుకుంది. ఏకైక విజేత అని ఒప్పుకునేసరికి 2022 జూలై వచ్చింది, గెలిచిన నూట పదేళ్ళకు. పతకాలు, పేరు, చివరికి శవం. మూడింటికీ మూడు వేర్వేరు హక్కుదార్లు పుట్టుకొచ్చారు. నిట్టూర్చాలనుకునేవారికి ఇక్కడ కావలసినంత చోటుంది.

ఆటగాడి మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న తరువాత కోర్టుకు కూడా ఎక్కింది. 1972 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అందులో న్యాయమూర్తి హ్యారీ బ్లాక్‌మన్ బేస్‌బాల్ మీద అభిమానం పట్టలేక ఎనభైకి పైగా పాత ఆటగాళ్ళ పేర్లు వరసగా రాసుకుపోయాడు. అంత మురిపెంగా పేర్లు తలచుకున్న ఆ తీర్పు, కోర్టు మెట్లెక్కిన ఆటగాడికి మాత్రం వ్యతిరేకంగా వెలువడింది. ఆ ఆటగాడి పేరు కర్ట్ ఫ్లడ్.

ఫ్లడ్ సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు పన్నెండేళ్ళు ఆడినవాడు. సెంటర్ ఫీల్డ్‌లో 1963 నుంచి 1969 దాకా వరసగా ఏడు గోల్డ్ గ్లవ్‌లు, అంటే మేటి ఫీల్డర్లకిచ్చే బహుమతులు, గెలిచాడు. 1969 అక్టోబరులో జట్టు అతన్ని ఫిలడెల్ఫియాకు మార్పిడి చేసింది. అతన్ని ఎవరూ అడగలేదు; అడగవలసిన అవసరమూ లేదు. రిజర్వ్ క్లాజ్ అనే షరతు ప్రకారం ఆటగాడి ఒప్పందం ఒక్క ఏడాదికే అయినా, దాన్ని మళ్ళీ పొడిగించే హక్కు జట్టుకు ఉండేది. అలా ఏటేటా, ఆట మానేదాకా. వేరే జట్టుకు పోవాలంటే అమ్ముడుపోవాలి, లేదా మార్పిడి కావాలి. వీసా మీద వచ్చి, గ్రీన్ కార్డు వరుసలో నిలబడి, కంపెనీ మారితే దరఖాస్తు మొదటికొస్తుందేమోనన్న భయంతో ఏళ్ళు గడిపిన మా తరం తెలుగువాళ్ళకు ఈ షరతు విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక పాత యజమాని నా కాగితాలను ఆరు నెలలు తొక్కిపెట్టినప్పుడు నాకు పట్టిన దిగులు ఇంకా గుర్తుంది. అయినా నాది ఎంతోకొంత మెరుగే; రాజీనామా చేస్తే వేరే కంపెనీలో చేరకూడదని నన్నెవరూ అనలేదు. ఫ్లడ్‌కు ఆ దారి కూడా లేదు.

1969 డిసెంబరు 24న అతను బేస్‌బాల్ లీగుల పెద్ద అయిన కమిషనర్ బౌయీ కూన్‌కు ఉత్తరం రాశాడు. పన్నెండేళ్ళు పెద్ద లీగులో ఆడాక, తన ఇష్టంతో పని లేకుండా కొనడానికీ అమ్మడానికీ తానొక ఆస్తిని కానని అందులో రాశాడు. ఏడాదికి 90 వేల డాలర్లు వస్తున్నవాడికి ఏమిటీ గోల అని టీవీలో అడిగితే, మంచి జీతమిచ్చినా బానిస బానిసేనని జవాబిచ్చాడు. విచారణలో అతని పక్షాన సాక్ష్యమివ్వడానికి పాతతరం మేటి ఆటగాళ్ళు జాకీ రాబిన్‌సన్ వచ్చాడు, హ్యాంక్ గ్రీన్‌బర్గ్ వచ్చాడు. ఆ రోజు ఆడుతున్న ఆటగాళ్ళలో ఒక్కడూ రాలేదు. సుప్రీం కోర్టు 5-3 తేడాతో, బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదన్న 1922 నాటి తీర్పుకే కట్టుబడింది. అదే కోర్టు 1957లో ఫుట్‌బాల్‌కు ఆ చట్టం వర్తిస్తుందని చెప్పి ఉంది. ఈ తేడా అసంబద్ధమేనని 1972 తీర్పు తానే ఒప్పుకుంటూ, దిద్దవలసింది చట్టసభ అయిన కాంగ్రెసేనని చేతులు దులుపుకుంది. ఫ్లడ్ 1971లో వాషింగ్టన్ తరఫున పదమూడు ఆటలు ఆడి, ఇక వల్లకాదని వెళ్ళిపోయాడు. 1997లో 59 ఏళ్ళకు పోయాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతను ఇప్పటికీ లేడు.

అతను ఓడిన మూడేళ్ళకు, 1975 డిసెంబరులో, ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచర్ల వివాదంలో మధ్యవర్తి పీటర్ సైట్జ్ రిజర్వ్ క్లాజ్ ఒక్క ఏడాదికే చెల్లుతుందని తేల్చాడు. బేస్‌బాల్ ఆటగాడి వెల అక్కడి నుంచి మారిపోయింది. ఫుట్‌బాల్‌లో నిజమైన స్వేచ్ఛా విపణి రావడానికి 1993 దాకా పట్టింది. అంటే 1986లో బో జాక్సన్ టాంపా బేకు కాదని చెప్పినప్పుడు, అతను ఒక మూసిన ఆట నుంచి కాస్త తలుపు తెరుచుకున్న మరో ఆటలోకి నడిచాడన్నమాట. ఆ తలుపు మొదట తోసినవాడు ఫ్లడ్. కొత్తగా చేరినవాడికి బేస్‌బాల్‌లో కూడా మొదటి ఆరేళ్ళు పెద్ద స్వేచ్ఛ లేదన్న మాట నిజమే. అయినా అతను చేరుతున్న వృత్తిలో ముందు ముందు బేరమాడే వీలు ఉంది. థార్ప్‌కు ఆ వీలు ఏ ఆటలోనూ లేదు.

నా వాదన విన్న ఒక సహోద్యోగి, స్వేచ్ఛ ఉండి ఏం లాభం, ఆ స్వేచ్ఛే కదా అతని తుంటిని మింగింది, బేస్‌బాల్ ఒక్కటే ఆడి ఉంటే బాగుపడేవాడు కదా అన్నాడు. కొట్టిపారేయదగిన మాట కాదిది. బో కూడా 2017లో, తలకు తగిలే దెబ్బల గురించి అప్పుడే తెలిసి ఉంటే ఫుట్‌బాల్ జోలికే పోయేవాణ్ణి కాదని చెప్పాడు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కు ఎన్‌ఎఫ్‌ఎల్ తుది పోరు అయిన సూపర్ బౌల్‌ను నాలుగుసార్లు గెలిపించిన మైక్ వెబ్‌స్టర్ మతి చెదిరి, కొన్నాళ్ళు తన ట్రక్కులోనే పడుకుని, 2002లో యాభై ఏళ్ళకే పోయాడు. అతని మెదడును పరీక్షించిన డాక్టర్ బెనెట్ ఒమాలు దెబ్బల మీద దెబ్బల వల్ల వచ్చిన వ్యాధిని గుర్తించాకే లోకానికి సంగతి తెలిసింది. ఈ తరం తల్లిదండ్రులు తెలిసే ఎంచుకుంటున్నారు. బో చదివిన ఆబర్న్‌లోనే ఫుట్‌బాల్ ఆడి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్ళిన ట్రేసీ రాకర్‌కూ, భారతీయ మూలాలున్న తల్లికీ పుట్టిన కుమార్ రాకర్ బేస్‌బాల్ పిచర్ అయ్యాడు. 2024 సెప్టెంబరులో టెక్సస్ రేంజర్స్ తరఫున పెద్ద లీగులో అడుగుపెట్టాడు. తెలిసి ఉంటే బో కూడా వేరే దారి ఎంచుకునేవాడేమో. కానీ ఎంచుకోవడంలో పొరపాటు చేయడం వేరు, ఎంచుకునే హక్కే లేకపోవడం వేరు. మొదటిదాన్ని వృథా అనడానికి నాకు నోరు రాదు.

దెబ్బ తరువాతి సంగతులు చెప్పుకునేవాళ్ళు తక్కువ. 1991 మార్చిలో రాయల్స్ అతన్ని వదిలించుకుంది. షికాగో వైట్ సాక్స్ తీసుకుంది. 1992 ఏప్రిల్‌లో ఆ తుంటిని తీసేసి లోహపు తుంటి అమర్చారు. ఆ ఏడాదే తల్లి చనిపోయింది. మళ్ళీ ఆడతానని ఆమెకు మాటిచ్చాడు. 1993 ఏప్రిల్ 9న షికాగోలో యాంకీస్ మీద, కృత్రిమ తుంటితో మొదటిసారి బ్యాటు పట్టుకుని దిగి, మొదటి ఊపులోనే బంతిని కుడి వైపు కంచె దాటించాడు. పరుగు మునుపటిలా లేదు. బేస్‌ల చుట్టూ మెల్లగా, కొద్దిగా కుంటుతున్నట్లే తిరిగాడు. ఆ సీజన్‌లో 16 హోమ్ రన్‌లు కొట్టాడు.

1994 ఆగస్టులో, జీతాలకు పరిమితి పెట్టాలన్న యజమానుల పంతం మీద బేస్‌బాల్ ఆటగాళ్ళు సమ్మె కట్టారు; ఆ ఏడాది బేస్‌బాల్ తుది పోరు వరల్డ్ సిరీసే జరగలేదు. సమ్మె నెలలన్నీ బో ఇంట్లో భార్యాపిల్లలతో గడిపాడు. 1995 ఏప్రిల్‌లో మళ్ళీ ఆట మొదలవుతుంటే, ఎవరూ వెళ్ళమనకుండానే, ఈ కొద్ది నెలల్లో తన కుటుంబం తనకు తెలిసిందని, అది ఏ కోటి డాలర్ల ఒప్పందం కన్నా బాగుందని చెప్పి మానేశాడు. అదే ఏడాది ఆబర్న్‌లో ఆగిపోయిన చదువు పూర్తి చేసి పట్టా తీసుకున్నాడు. కాలేజీలో చదువుతానని తల్లికి మాటిచ్చి అప్పటికి పదమూడేళ్ళయింది.